తబిత రాయని పేరాలు

థార్బీ మార్ష్, పాదిరి బంగళా
6 నవంబరు 1815

అన్నయ్యా,

నీ పుస్తకాలు క్షేమంగా చేరాయి. ఆ తర్వాత రాయదగిందేమైనా మిగిలితే, నేనూ ఉన్నాను.

చనిపోయిన పండితుడు డాక్టర్ వెస్ట్రప్ గారి గ్రంథాల వేలంలో నువ్వు కొన్న పెట్టెలు మంగళవారం పడవ మీద వచ్చాయి. ఒకటే వాన. కాలువ రేవు నుంచి మన గుమ్మం దాకా ఉన్న ఆ కాస్త దూరంలో బండి చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. బండివాడు ముందు గుర్రాన్ని తిట్టాడు. ఆ తిట్లు అయిపోయాక, ఈ ఊరికి పాదిరివై ఉండి కేంబ్రిడ్జ్ కాలేజీలో కాపురముంటున్నందుకు నిన్ను తిట్టాడు. ఎదురింటి కెప్టెన్ డ్రూరీ గారు చూసి, కోటు విప్పి, భుజం పట్టారు. యుద్ధం ముగిసి ఓడల్ని కట్టేశాక ఆయనకి చేతినిండా పని దొరకడం లేదట. "గ్రీకువాళ్లు ఇంత బరువని ముందే తెలిస్తే లంగరు బదులు వాడుకునేవాళ్లం కదా!" అన్నారు.

పెట్టెలు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చిక్కైంది. పెద్ద గది ఎప్పుడో నిండింది. భోజనాల బల్ల మీదా నిండింది, కిందా నిండింది. సామాన్ల గదిలో ఊరగాయ జాడీలు తీసి నీ లాటిన్ వ్యాకరణాలు సర్దాను. జాడీలు ఇప్పుడు మెట్ల మీద ఉన్నాయి. గ్రీకు కవి లైకోఫాంటస్ నాటకానికి నువ్వు రాసిన వ్యాఖ్యానం, ఆ రెండు సంపుటాల్లో అమ్ముడుపోని ప్రతులన్నీ నడవా పొడుగునా గోడలా పేర్చి ఉన్నాయి. వంటావిడ మిసెస్ హాబ్ పులుసు గిన్నె పట్టుకుని ఎండ్రకాయలా పక్కవాటుగా నడుస్తోంది. పిల్లిని పెంచవద్దన్నావు కనుక ఎలుకలు హాయిగా ఉన్నాయి. అవి గ్రీకు తింటున్నాయి, లాటిన్ ముట్టవు.

ఇక నా మాటలు. సామాన్ల గది కప్పు కారుతోంది. నా కింది దవడలో ఒక పన్ను రాత్రీ పగలూ సలుపుతోంది. ఇంకొకటి ఉంది. నువ్వు పెట్టిన కట్టడి ప్రకారం ఈ ఇంట్లో పెద్ద గదిలోనే మంట వేస్తున్నాం, పుస్తకాలకి చెమ్మ తగలకూడదని. అక్కడ నాకు కూర్చునే చోటు లేదు, కుర్చీలో కూడా వెస్ట్రప్ గారే ఉన్నారు. నా గదిలో ఈ చలికాలం కాస్త మంట వేసుకోవచ్చా? కట్టెలు ఒక గదికే చాలుతున్నాయి కనుక అడుగుతున్నాను. కెప్టెన్ గారు వెళ్తూ వెళ్తూ, "అన్నీ చూశాను గానీ, ఈ ఇంట్లో మీరు కూర్చునేదెక్కడ మిస్ లెవెరిక్?" అన్నారు. 

నీ చెల్లెలు
తబిత


కేంబ్రిడ్జ్
20 నవంబరు 1815

చెల్లాయీ,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ పుస్తకాలు క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం చాలా బాగుంది. అంటే, నువ్వు రాసినంత మేరకు.

నీకు ఈ విద్య తెలియదు కనుక విడమరిచి చెబుతాను. ప్రాచీన గ్రంథమేదీ కవి చేతినుంచి నేరుగా మన చేతికి రాదు. నడుమ వ్రాయసగాళ్లుంటారు. వాళ్లు తాగుతారు, కునుకుతారు, తమకు తోచింది కలిపేస్తారు. అలా చొప్పించినవాటిని ప్రక్షిప్తాలంటాం. వాటిని పసిగట్టి కొట్టిపారేయడమే ముప్పై ఏళ్లుగా నా వృత్తి. లైకోఫాంటస్ రాసినదానికంటే నేను కొట్టేసిందే ఎక్కువని మా కాలేజీలో తోటి పండితులైన ఫెలోలు చెప్పుకుంటారు. వాళ్లలో డాక్టర్ బంగే అనే ఒక మనిషి మాత్రం అదే మాట వెటకారంగా అంటాడు.

నీ ఉత్తరంలో పన్ను, మంట, ఈ రెండూ ప్రక్షిప్తాలే. పుస్తకాల గురించి హాయిగా సాగుతున్న శైలి అక్కడ హఠాత్తుగా నేలబారుకి దిగింది. పైగా నా చెల్లెలు చలి అని ఎన్నడూ అనలేదు. ఎన్నడూ అననివాళ్లు అన్నట్టు కనిపిస్తే, అది వాళ్లు అన్నది కాదు. మిసెస్ హాబ్‌కి పళ్లు బాగాలేవని నువ్వే ఒకసారి రాశావు. ఉత్తరం వంటింట్లో మరిచిపోయి ఉంటావు, ఆవిడ తన బాధ కలిపేసింది. ఆ పేరా అంతా కొట్టేసి మళ్లీ చదువుకున్నాను. ఎంత అందంగా ఉందో! ముఖ్యంగా ఎలుకల అభిరుచి గురించి నువ్వు చేసిన పరిశీలన అమూల్యం.

పెట్టెల్లో వెస్ట్రప్ గారి లైకోఫాంటస్ ప్రతి ఉంటుంది, పచ్చ తోలు అట్ట. దాన్ని మెత్తని ఉన్నిగుడ్డలో చుట్టి, మంటకి ఎడమపక్క పెట్టు. ఆ నాటకం అచ్చులో ఎవరి దగ్గరైనా దొరుకుతుంది, దీని విలువంతా పుటల అంచుల్లో ఉంది. వెస్ట్రప్ గారు బతికినన్నాళ్లూ తనకి తోచింది అంచుల్లో రాసుకున్నారు, తన చేత్తో, మధ్యలో ఏ వ్రాయసగాడూ లేకుండా. అంచుల్లో రాసినదాన్ని ఎవరూ కల్తీ చేయలేరు తబితా! వేలంలో మాకు రెండు పుటలు మాత్రమే తిప్పనిచ్చారు. బంగే దానికోసం నాతో పోటీపడి ఓడిపోయాడు. మా మధ్య మాటలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు భోజనశాలలో ఉప్పు కూడా అందించడు. నా గదుల కప్పు బాగుచేస్తున్నారు, అది కాగానే ఆ ప్రతిని పంపుదువుగాని.

నీ అన్న
బార్నబస్ లెవెరిక్


థార్బీ మార్ష్
9 డిసెంబరు 1815

అన్నయ్యా,

పుస్తకాలు క్షేమం. ఆ మాట చెబితేగానీ నువ్వు కిందికి చదవవు.

నీ ఉత్తరం మిసెస్ హాబ్‌కి చదివి వినిపించాను. చేతులకున్న పిండి దులుపుకుని, "నాకు సంతకమే రాదు అమ్మగారూ, పేరడిగితే గీత గీస్తాను. మీ అన్నగారు నన్ను రాతకత్తెని చేశారా? మా ఆయన బతికుంటే మురిసి చచ్చేవాడు!" అంది. కాబట్టి పన్ను నాదే. చలి కూడా నాదే. ఇందులో ఎవరి చెయ్యీ లేదు.

సామాన్ల గది కప్పు కారడం మానేసింది, ఎందుకంటే కూలిపోయింది. వ్యాకరణాలు తడిసేలోపే తీసి నా మంచం మీదికి చేర్చాను. మంచం మీద అవి పడుకుంటున్నాయి, నేను వంటింటి బల్లమీద పడుకుంటున్నాను. కెప్టెన్ గారు రోజూ సాయంత్రం వేడిచేసిన ఇటుకని గుడ్డలో చుట్టి తెచ్చి ఇస్తున్నారు. కాళ్ల దగ్గర పెట్టుకుంటే తెల్లారేదాకా వెచ్చగా ఉంటుంది.

నిన్న ఆయన ఇటుకతోపాటు ఇంకో మాట తెచ్చారు. టోపీ పెట్టడానికి చోటు దొరకక చేతిలోనే తిప్పుతూ నిలబడ్డారు.

"మిస్ లెవెరిక్, నాకు మాటలు చేతకావు. నా ఇంట్లో రెండు గదుల్లో మంట వేస్తాను. ఒకదాంట్లో నేను కూర్చుంటాను. రెండోది ఊరికే మండుతోంది."

"ఊరికే ఎందుకండీ, కట్టెలు దండగ" అన్నాను.

"మీరొస్తారని" అన్నారు.

మిసెస్ హాబ్ చేతిలో గరిటె జారిపడింది. "ఇంకా ఆలోచిస్తారేంటమ్మగారూ? ఇంకో ఏడాది ఈ ఇంట్లో ఉంటే మీకూ అట్ట వేసి అరలో పెట్టేస్తారు!" అంది.

సరేనన్నాను అన్నయ్యా. ఈ వయసులో ఏమిటిదని నవ్వుకుంటావేమో, నవ్వుకో. నాకు సంతోషంగా ఉంది. ఇలాంటి మాట రాయడం నాకు అలవాటు లేదు. ఈస్టర్ వెళ్లిన గురువారం పెళ్లి. నాన్న లేడు. నా చెయ్యి పట్టుకుని చర్చిలో నడిపించాల్సినవాడివి నువ్వే. నువ్వు రాకపోతే ఆ నాలుగడుగులూ నేను ఒంటరిగా నడవాలి. రా అన్నయ్యా. ఇన్నేళ్లలో నిన్ను గట్టిగా అడుగుతున్నది ఇదొక్కటే.

తబిత


కేంబ్రిడ్జ్
2 జనవరి 1816

చెల్లాయీ,

ఇక్కడ నేను క్షేమమే గానీ ఆగ్రహంగా ఉన్నాను. పుస్తకాలు క్షేమమని నీ ఉత్తరం మొదట్లోనే ఉంది. ఆ వాక్యం నిస్సందేహంగా నీదే.

మిగతాది చెబుతాను, కూర్చుని చదువు. ఇది వంటావిడ పని కాదు, ఆవిడకి రాత రాదని ఒప్పుకుంటున్నాను. ఇది చదువుకున్నవాడి కుట్ర. ఇది బంగే పని! వెస్ట్రప్ ప్రతి దక్కలేదన్న కడుపుమంటతో, దారిలో తపాలావాణ్ణి మంచి చేసుకుని, నీ ఉత్తరాలు విప్పించి, నీ రాతని అనుకరిస్తూ పేరాలకి పేరాలు దించుతున్నాడు. ఉత్తరం అందుకున్నవాడే తపాలా రుసుం కట్టాలని మన దేశపు చట్టం. అంటే బంగే అబద్ధాలని నేను డబ్బిచ్చి కొనుక్కుంటున్నాను.

ఋజువులు కావాలా? పెళ్లి అంటాడు. నువ్వు పెళ్లి చేసుకుంటే పుస్తకాలు ఎవరు చూస్తారు? ఎవరూ లేరు. కనుక పెళ్లి లేదు. "నాకు సంతోషంగా ఉంది" అని రాశాడు. నీ ఉత్తరాలన్నీ నా దగ్గర ఉన్నాయి, ఒక్కదాంట్లో కూడా ఆ మాట లేదు. నీకు అలవాటు లేని మాట నీ నోట పెట్టి దొరికిపోయాడు. ఇక ఆ కెప్టెన్. మొదటి ఉత్తరంలో పెట్టెలు మోసినవాడు రెండో ఉత్తరంలో పెళ్లికొడుకు అయిపోవడం చవకబారు నాటకాల్లో చూస్తాం. అన్నిటికంటే పెద్ద ఋజువు, ఈస్టర్ వెళ్లిన గురువారం మా కాలేజీలో ఈల్ చేపల విందు. ఆ రోజు ఏ బుద్ధిమంతుడూ పెళ్లి పెట్టుకోడు. అది బంగేకి తెలియదా అంటావేమో. తెలిసే రాశాడు, నాకు ఈల్ చేపలు దక్కకూడదని!

ఇన్ని మాటలు దూర్చడానికి చోటు కావాలి కాబట్టి వాడు నీ సొంత మాటలు కొన్ని చెరిపేసి ఉంటాడు. అలా పాఠం పోయిన చోటుని గ్రంథపాతం అంటాం. అక్కడ నువ్వు ఏం రాసి ఉంటావో నీ శైలిని బట్టి ఊహించి పూరించాను. ఎక్కువభాగం ఎలుకల గురించి. నీ ఉత్తరానికి శుద్ధప్రతి తయారుచేసి దీనితో పంపుతున్నాను. సంతకం చేసి తిప్పి పంపు, దాచుకుంటాను.

నా కప్పు పని అయిపోయింది. వెస్ట్రప్ ప్రతిని ఇక పంపెయ్.

బార్నబస్


థార్బీ మార్ష్
27 జనవరి 1816

అన్నయ్యా,

నేను నీకు రాసిన ఉత్తరాన్ని నువ్వు నాకు రాసి పంపావు. చదివాను. అందులో నేను చాలా మంచిదాన్ని. ఎలుకలు తగ్గాయని సంతోషించాను, యాపిల్ కొమ్మ మీద మంచు గురించి నాలుగు ముక్కలు ముచ్చటగా అన్నాను, నాకు ఏమీ అక్కర్లేదన్నాను. సంతకం పెట్టలేదు. ఆ తబిత ఎవరో నాకు తెలియదు. ఆవిడకి అసలు పళ్లే ఉన్నట్టు లేవు.

కెప్టెన్ గారు దాన్ని రెండుసార్లు చదివారు. "మీ అన్నగారు ఓడ నడపకపోవడం దేశం చేసుకున్న పుణ్యం. ఎదురుగా బండరాయి ఉందని కావలివాడు అరిస్తే, ఆ కేకని కొట్టేసి ముందుకి పోయేవారు" అన్నారు. సరుకుల పడవెక్కి వచ్చి నిన్ను భుజాన వేసుకొస్తానని లేచారు కూడా. పెట్టెలకంటే నువ్వే తేలికని ఆయన అంచనా. నేనే వద్దన్నాను.

ముందు కోపం వచ్చింది. తర్వాత, పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, ఏడుపు వచ్చింది. నాన్న పోయినప్పటినుంచీ నీ ఇల్లు కాస్తున్నాను. నేను రాసినదాంట్లో నీకు నచ్చిన ముక్కలే నేనా అన్నయ్యా?

అందుకని ఒక పని చేశాను. వెస్ట్రప్ గారి ప్రతిని ఈ బండిలోనే పంపుతున్నాను. అంచుల్లో రాసినదాన్ని ఎవరూ కల్తీ చేయలేరని నువ్వే అన్నావు. ఆయన ఎందుకో మొదటి రెండు పుటల్లోనే రాసి మానేశారు, మిగతా అంచులన్నీ ఖాళీ. ఆ ఖాళీలన్నిటిలో, పుస్తకం చివరిదాకా, నీకు చెప్పాల్సిందంతా నా చేత్తో సిరాతో రాశాను. ఇప్పుడైనా చదువు.

తబిత


కేంబ్రిడ్జ్
19 ఫిబ్రవరి 1816

తబితా! చెల్లాయీ!

క్షేమసమాచారాలకి ఇప్పుడు తీరిక లేదు.

ముందుగా ఒక హెచ్చరిక. నీ పోయిన ఉత్తరంలో చివరి పేరా, అదే, అంచుల్లో నువ్వే రాశావనే పేరా, బంగే చొప్పించింది. ఎంత లోతైన కుట్రో చూడు! ఆ పుస్తకంలో ఏముందో వాడికి ఎలాగో తెలిసింది. అదంతా ఇంట్లో ఆడవాళ్ల గిలుకుడనుకుని నేను పక్కన పడేస్తే, తను ఎత్తుకుపోవాలని ఆశ. నేను పడతానా?

ఎందుకంటే చెల్లాయీ, లోకంలో ఎవరూ చూడని వెస్ట్రప్ గారి స్వహస్త వ్యాఖ్య నా చేతిలో ఉంది! మొదటి రెండు పుటలు దాటాక రాత మారింది, అంటే అది ఆయన వృద్ధాప్యంలో రాసింది. సిరా నిన్న రాసినట్టు నల్లగా మెరుస్తోంది. ఆ కాలపు సిరా నాణ్యత అలాంటిది. అక్షరాలు కొంచెం నీ అక్షరాల్లా ఉన్నాయి. నీకు రాత నేర్పిన ముసలావిడ వెస్ట్రప్ గారి ఊరిదై ఉండాలి.

నాటకం గురించి ఒక్క ముక్క లేదు. ఆ మహానుభావుడి గొప్పతనమే అది. అంతా తన జీవితమే రాసుకున్నాడు. విను: "ఈ ఇంట్లో మంట పుస్తకాలకే. వేళ్లు కొంకర్లు పోతే వేడి గిన్నెకి ఆనించి, మళ్లీ కలం పడుతున్నాను." ఇంకోచోట: "అన్నయ్యకి ఎన్నిసార్లు రాసినా చదవడు. ఆయన ఇంటికి నేనొక తలుపుని, వేసి ఉంటే చాలు."

అన్న! వెస్ట్రప్ గారికి అన్న ఉన్నట్టు ఇంతవరకు ఎవరికీ తెలియదు. ఎంత కర్కోటకుడో! సొంత తోడబుట్టినవాణ్ణి చలికి వదిలేసి, కాగితాలకి వెచ్చదనం పెట్టాడు. తబితా, నేను ఏడ్చాను. ముప్పై ఏళ్లుగా విషాద నాటకాలు చదువుతున్నాను, ఏ ఒక్కదానికీ ఏడవలేదు. ఆ రోజుల్లో నేను ఉండి ఉంటే నా కోటు విప్పి ఆయన భుజాల మీద కప్పేవాణ్ణి.

ఒక కెప్టెన్‌ని పెళ్లాడతాననే చోటు కొంచెం క్లిష్టంగా ఉంది, వెస్ట్రప్ గారు పురుషుడు కనుక. కెప్టెన్ అంటే ఆత్మని ఆవలి తీరం చేర్చే మృత్యువని నా వ్యాఖ్య. చిన్నప్పుడు అన్న బాతుల గుంటలో పడితే జుట్టు పట్టి బయటికి లాగి, నాన్నకి తెలియకుండా వాడి ఆదివారం లాగుని పొయ్యి దగ్గర ఆరబెట్టిన ఘట్టం మాత్రం ఎంత సహజంగా ఉందంటే, నేనే అక్కడ ఉన్నట్టు అనిపించింది. గొప్ప రచన లక్షణం అదే.

బంగేకి చూపించకుండా ఉండలేకపోయాను. కుట్రదారైనా చదువుకున్నవాడు, ఇంకెవరికి చూపిస్తాను? వాడూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ పూట భోజనశాలలో ఉప్పు అందించాడు. ఇద్దరం ఆ అన్నని తిట్టుకుంటూ కూర్చున్నాం. వచ్చే నెల ఫెలోలందరి ముందు "వెస్ట్రప్ సోదరుని దుర్మార్గం" అనే అంశం మీద నా ప్రసంగం.

బార్నబస్


థార్బీ మార్ష్
8 మార్చి 1816

అన్నయ్యా,

ఆ కర్కోటకుడివి నువ్వే.

వెస్ట్రప్ గారికి అన్న ఉన్నాడో లేడో నాకు తెలియదు. బాతుల గుంటలో పడింది నువ్వు. గోధుమరంగు లాగు, మోకాలి దగ్గర అమ్మ వేసిన మాసిక. జుట్టు పట్టి లాగింది నేను. మనిద్దరికి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు, నాన్నకి చెప్పనని నీకు ఒట్టు వేశాను కూడా. దీన్ని కూడా బంగే గారే రాశారంటావా? ఆయన ఆ గుంటలో దాక్కుని ఉన్నారంటావా?

నీ ఉత్తరం విని మిసెస్ హాబ్ చీపురు విసిరికొట్టింది. "చచ్చినాయనకి చలేసిందని ఏడ్చారా? బతికున్న మీ పన్నుని మాత్రం నాకు అంటగట్టారు!" అంది. కెప్టెన్ గారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఇటుక మార్చి తెస్తానని లేచి వెళ్లారు.

నువ్వు ఏడ్చావన్న చోటు మళ్లీ మళ్లీ చదివాను. నా కోసం ఏడ్చావు, నేనని తెలియకుండా. పోయినవాళ్ల మీద నీకు అంత జాలి ఉంది కదా, నాకు దక్కాలంటే నేనూ పోవాలా? అంతవరకు ఆగే ఓపిక నాకు లేదు అన్నయ్యా.

ఈ నెల ఆఖర్లో మొదలుపెట్టి మూడు ఆదివారాలు చర్చిలో మా పెళ్లి ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. ఈ ఊరి పాదిరివి నువ్వు, నీ బదులు నీ సహాయకుడే చదువుతాడు. ఆ ప్రకటనని కూడా కొట్టేయాలంటే నువ్వే వచ్చి కొట్టెయ్. ఎలాగూ వస్తావు కనుక నా చెయ్యి పట్టుకుని నడిపించి మరీ వెళ్లు.

నా ఉత్తరాలు, ఆ పుస్తకం పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడు. నీ విద్య అదే కదా.

తబిత


కేంబ్రిడ్జ్
2 ఏప్రిల్ 1816

తబితా,

అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. పుస్తకాల సంగతి ఈసారి అడగను.

నీ ఉత్తరం ప్రసంగం రోజున అందింది. మొదటి వాక్యం చూసి, అలవాటు కొద్దీ, ప్రక్షిప్తం అనుకుని కలం తీశాను. బాతుల గుంట దగ్గరికి వచ్చేసరికి కలం కింద పెట్టేశాను. మాసిక సంగతి నేను మరిచిపోయాను. నువ్వు రాశాక మోకాలి దగ్గర అది మళ్లీ తగిలినట్టైంది.

అప్పటికే ఫెలోలందరూ చేరారు. బంగే రుమాలు పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. లేచి నిలబడి, "వెస్ట్రప్‌కి అన్న లేడు. ఆ అన్న ఈ గదిలోనే ఉన్నాడు, పేరు లెవెరిక్" అని కూర్చున్నాను. నేను ఇచ్చిన ప్రసంగాల్లో అతి చిన్నది అదే. అందరూ చాలాసేపు చప్పట్లు కొట్టారు, ఎందుకో నాకు తెలియదు. తర్వాత బంగేకి అంతా చెప్పి క్షమించమన్నాను. "ఏమయ్యా, ఆడకూతురి పన్నునొప్పి నేను కల్పించి రాశానా? అంత ఊహే ఉంటే కవినయ్యేవాణ్ణి గానీ, నీ పక్కన కూర్చుని ఈల్ చేపలు తింటానా?" అన్నాడు.

ఆ మర్నాటినుంచి నీ పాత ఉత్తరాలన్నీ తీసి చదువుతున్నాను, అందుకే జవాబు ఆలస్యమైంది. ప్రతిదాంట్లోనూ నేను అడ్డంగా గీతలు కొట్టిన చోట్లు ఉన్నాయి. ఆ చోట్లన్నీ వరసగా చదివితే నువ్వు కనిపిస్తున్నావు. నేను ఉంచినవన్నీ చదివితే నేనే కనిపిస్తున్నాను. నాకు చాలా సిగ్గుగా ఉంది తబితా.

జవాబు ఇవ్వాల్సినవి చాలా ఉండిపోయాయి. ఎర్రావు చచ్చిపోయినందుకు విచారిస్తున్నాను. అది ఏ ఏటి ఉత్తరమో చూసే ధైర్యం లేకపోయింది. నీలం శాలువా కొనుక్కో, తప్పకుండా కొనుక్కో. నాన్న సమాధికి రాయి నిలబెట్టిన రోజు నేను రాలేదని, నువ్వు ఒక్కదానివే గొడుగు పట్టుకుని నిలబడ్డావని ఉంది. రావాల్సింది. సామాన్ల గదికి కప్పు వేయించు. పిల్లిని పెంచుకో. వ్యాకరణాలని మంచం మీదినుంచి కిందికి తోసెయ్.

నీ గదిలో ఈ పూటే మంట వెయ్యి. కట్టెలు చాలకపోతే నడవాలో నా లైకోఫాంటస్ ఉంది. రెండో సంపుటంతో మొదలుపెట్టు, అది లావు. ఏదేది ఎందుకు కొట్టేశానో చెప్పుకున్న సంజాయిషీలు తప్ప అందులో ఏమీ లేవు.

ఈల్ విందుకి ఉండడం లేదు. బుధవారానికే అక్కడికి చేరతాను. బంగే కూడా వస్తానంటున్నాడు. నీ పన్ను నొప్పి తాను కల్పించలేదని నీతో స్వయంగా చెప్పుకోవాలట. మీ కెప్టెన్ గారికి నా నమస్కారాలు. ఆయన మృత్యువు కాదని తెలిసి నాకు చాలా ఊరటగా ఉంది.

అన్నట్టు, పన్ను ఎలా ఉంది?

మీ అన్నయ్య
బార్నబస్


థార్బీ మార్ష్
9 ఏప్రిల్ 1816

అన్నయ్యా,

పన్ను క్రిస్మస్‌కి ముందే పీకించేశాను. కెప్టెన్ గారు కుర్చీని పట్టుకున్నారు, మిసెస్ హాబ్ నన్ను పట్టుకుంది. ఇప్పుడు ఏ నొప్పీ లేదు. నువ్వు అడిగావు కదా, చదవగానే ఆ చోట మళ్లీ కాస్త సలిపినట్టైంది. 

చర్చిలో మూడోసారి కూడా ప్రకటన చదివారు. ఎవరూ లేవలేదు. మిసెస్ హాబ్ మాత్రం లేచి, లేచేవాళ్లెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూసి కూర్చుంది.

బంగే గారిని తీసుకురా. వ్యాకరణాలని కిందికి తోయడానికి నాకు చెయ్యి రాలేదు, అవి ఇంకా మంచం మీదే ఉన్నాయి. ఆయన వాటి పక్కన సర్దుకుంటారు, చదువుకున్నవాళ్లే కదా. నువ్వు ఆదివారం లాగు తెచ్చుకో. వచ్చే దారిలో బాతుల గుంట ఇంకా అక్కడే ఉంది, చూసి నడు.

నా గదిలో కూర్చుని రాస్తున్నాను. పిల్లి ఒకటి వచ్చి కాళ్ల దగ్గర పడుకుంది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి, ఆపకుండా రాయగలుగుతున్నాను. నీ రెండో సంపుటం చాలా బాగా మండుతోంది అన్నయ్యా. ఈ మాట ఎవరో చొప్పించింది కాదు, నేనే రాశాను.

ఇంకో వారం మాత్రమే
తబిత లెవెరిక్